ఆరో గడి

ఫిబ్రవరిలో డీన్ ఆఫీసు నుంచి ఒక పట్టిక వస్తుంది.
పేరు, చదివిన ఏడు, ఉద్యోగం, జీతం, ఊరు.
ఆరో గడిలో: చదువుకీ ఉద్యోగానికీ సంబంధం ఉందా?
అవును. కాదు.
మూడో మాటకి చోటు లేదు.

ఇరవై రెండేళ్ళుగా థండర్ బేలో
ఇంగ్లీషు సాహిత్యం, కమ్యూనికేషన్ చెబుతున్నాను.
కిటికీ అవతల గడ్డకట్టిన సరస్సు, ఖాళీ ధాన్యపు గోదాములు.
ఇవతల పదకొండు మంది, తడి బూట్లు,
హీటరు మీద ఆరుతున్న ఉన్ని చేతితొడుగుల వాసన.
"ఇది చదివితే ఏమవుతాం సార్?"
మొదటి వారమే ఎవరో ఒకరు అడుగుతారు.
ఏటా నీళ్ళు నములుతాను.

డ్వేన్ మెకస్కర్ మంచు తోసే బండి నడుపుతాడు.
తెల్లవారి నాలుగింటికి మా వీధి మలుపులో నేను కనిపిస్తే
అద్దం దించి, నేనెప్పుడో అరకొరగా నేర్పిన ఛందస్సులో
రోడ్డు మీది ఉప్పు గురించి రెండు పాదాలు విసిరి పోతాడు.
గడిలో "కాదు" అని రాశాను.
రాసి, చాలాసేపు పెన్ను మూత పెట్టలేదు.

మార్లీన్ వబాస్ రేడియోలో పొద్దుటి వార్తలు చదువుతుంది,
ముందు వాళ్ళ అమ్మమ్మ మాట్లాడిన ఒజిబ్వేలో, తరవాతే ఇంగ్లీషులో.
మొదటిసారి చెప్పింది మా బుర్రకెక్కలేదని తెలిసిన ఓర్పుతో
మళ్ళీ చెబుతున్నట్టుంటుంది.
అవును.

ఇర్మా లహ్తినెన్ దగ్గర ఆగిపోయాను.
వెనక బెంచీ. మాట తక్కువ.
పదిహేను పేజీల వ్యాసం అడిగితే నాలుగు తెచ్చింది.
"మరీ కురచ" అని ఎర్రసిరాతో రాసి మార్కులు కోసేశాను.
"ఇంక చెప్పడానికేం లేదు సార్" అంది, పొగరుగా కాదు,
సంచీలో ఎన్ని బంగాళాదుంపలున్నాయో చెప్పినట్టు.
ఉద్యోగం: ఆసుపత్రి, ఉత్తరాల విభాగం.
ఉత్తరాలకో విభాగమా అని నవ్వుకున్నాను.

నవ్వింది మంగళవారం.
బుధవారం నాకే ఉత్తరం వచ్చింది.

ఆ రకం ఉత్తరాలు నేనెరుగుదును. మా అన్నకొచ్చినవి చదివి పెట్టింది నేనే.
కర్త మొహం చాటేసిన కర్మణి వాక్యాలు:
పరీక్షించబడినది, గమనించబడినది, సూచించబడుచున్నది.
ఎవరు చూశారో, ఏం చూశారో తేలక
మూడో పేజీ దాకా అసమాపక క్రియలు పట్టుకుని
వేలాడాడు మా అన్న.

ఇది ఒక పేజీ కూడా లేదు.

"మీ స్కాన్‌లో ఒక మచ్చ చూశాం.
అదేమిటో మాకు ఇంకా తెలియదు.
గురువారం పదింటికి రండి. వెంట ఎవరినైనా తీసుకురండి.
పార్కింగుకి డబ్బు కట్టక్కర్లేదు.
ఈలోగా భయమేస్తే ఈ నంబరుకి ఫోన్ చేయండి.
మనిషే ఎత్తుతారు."

కోటు విప్పకుండా, నిలబడే చదివాను.
అలవాటు చావక ఎర్రపెన్ను కోసం జేబు తడుముకున్నాను.
ఎక్కడని కొట్టేయను?
"ఇంకా" అన్న మాట మీద వేలు పెట్టి ఉంచాను.
ఉత్త "తెలియదు" అన్నా నిజమే అయ్యుండేది.
"ఇంకా" అనేసరికి
ఎవరో కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

అడుగున సంతకం లేదు, ఆసుపత్రి ముద్ర ఒక్కటే.
ఆ బంగాళాదుంపల లెక్క ఎవరిదో
నాకు వేరే చెప్పాలా.

గురువారం వెంట డ్వేన్‌ని రమ్మన్నాను.
రాత్రంతా తనే ఉప్పు చల్లిన దారిలో
నిద్రకళ్ళతో నా కారు తోలాడు.
మచ్చ సంగతి ఇక్కడ చెప్పను.

బయటికొచ్చాక, ఇంజను వేడెక్కేలోగా పట్టిక తీసి
ఇర్మా వరసలో "అవును" రాశాను.
డ్వేన్ వరసలో "కాదు" కొట్టేశాను.
గడి చాలక అంచు వెంబడి, కాగితం తిప్పి వెనక్కి,
ఏదో రాస్తూ పోతుంటే
తొంగిచూసి అన్నాడు వాడు:
"మరీ పొడుగు సార్."